అచ్చుతప్పు

విజయనగరం
2 జూలై 1984

అప్పా,

నీ ఉత్తరం మొన్న వచ్చింది. ఆయన జూట్ మిల్లుకి, పిల్ల బడికి వెళ్ళేక తలుపు దగ్గరగా వేసుకుని తీరిగ్గా చదువుకున్నాను. బావగారికి మోకాళ్ళ నొప్పి తగ్గిందన్నావు, సంతోషం. ఈ వయసులో రోజూ క్రేను ఎక్కి దిగడమంటే మాటలు కాదు.

నీ ఉత్తరం చివర మీ అమ్మాయి ఛాయ రాసిన నాలుగు ముక్కలు చూసి భలే సరదా వేసింది. వాళ్ళ స్కూలుకి పాతికేళ్ళు నిండుతున్నాయట, భిలాయి కట్టిన కొత్తలో వచ్చిన కుటుంబాల కథలు పిల్లల చేతే రాయిస్తున్నారట, లైబ్రరీలో పాత స్కూలు మ్యాగజైన్లన్నీ బైండు చేసి ఉన్నాయట. వాటిలో మనవాళ్ళ పేర్లు వెతుకుతానంటోంది. తెలివైన పనే అప్పా. మనలాంటి వాళ్ళ దగ్గర వేరే కాగితాలేం ఉంటాయి? అయ్యకి చదువు లేదు. అమ్మ ఫోటో ఒక్కటీ లేదు. బొబ్బిలి నుంచి వచ్చినప్పుడు తపేలాలు తెచ్చుకున్నాం గాని పటాలు తెచ్చుకోలేదు. మన గురించి ఎక్కడైనా అచ్చయి ఉందంటే ఆ మ్యాగజైన్లలోనే ఉండాలి.

అవి నాకు బాగా జ్ఞాపకం. ముందు హిందీ, మధ్యలో ఇంగ్లీషు, వెనక బెంగాలీ వాళ్ళకి కొన్ని పేజీలు, మనకి కొన్ని పేజీలు. తెలుగు అచ్చు అక్కడ దొరకదని మా చేతే నల్లసిరాతో రాయించి బ్లాకు చేయించేవారు. నేనొక వ్యాసం రాసేను, అయ్య గురించి. అయ్యకి చెప్పలేదు, సిగ్గేసి.

ఇప్పుడు అసలు సంగతి. 1966 సంచికలో మా పదకొండో క్లాసు గ్రూపు ఫోటో ఉండాలి. సైన్సు గది మెట్ల మీద తీసేరు. ఆ పుస్తకం బయటికొచ్చే వేళకి నేను బొబ్బిల్లో జబ్బుపడ్డ నాయనమ్మ మంచం దగ్గర ఉన్నాను కదా, చూడనే లేదు. మా మణిమాల తొమ్మిదో క్లాసుకి వచ్చింది, "అమ్మా, నా వయసులో నువ్వెలగుండీదానివి" అని ఒకటే అడుగుతోంది. చూపించడానికి పెళ్ళి ఫోటో ఒక్కటే ఉంది, అందులో కళ్ళు మూసుకుపోయాయి. ఫోటో తీసింది పరీక్షకి ముందు గనక తప్పినదాన్ని కూడా వేసే ఉంటారు. ఛాయకి చెప్పి చూడమను.

అయ్య ఎలగున్నాడు? నేనడిగేనని చెప్పు. అంతకన్నా ఏం చెప్పాలో నాకు తెలీదు, నీకు తెలుసు కదా.

నీ చెల్లెలు
గౌరి


భిలాయి, సెక్టారు 2
29 జూలై 1984

మా గౌరమ్మకి,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ వానలు ఒగ్గకుండా కురుస్తన్నాయి. బట్టలారక చస్తన్నాను. మీ బావ నైటు షిఫ్టు, పగలంతా పడుకుంటాడు, ఇంట్లో గిన్నె చప్పుడవకూడదు.

ఫోటో సంగతి ఛాయనడిగేను. పాత బుక్కులకి చెదలు పట్టీసిందట. నువ్వు చెప్పిన ఏడుది నేదట. అయినా ఇప్పుడెందుకే అవన్నీ? ఛాయకి ఈ ఏడు బోర్డు పరీక్ష. తాతలు, ముత్తాతలు అని తిరిగితే మార్కులు ఎవడిస్తాడు? నేను గట్టిగానే చెప్పేను, ఈ పని మానీమని.

నీ ఉత్తరం అయ్యకి చదివి వినిపించేను. ఊఁ అన్నాడు, అంతే. ఆయన సంగతి నీకు కొత్తేటి. పిల్లని చూసుకో, మొగుడి మాట విను, ఎప్పుడూ ఉత్తరాలు రాసుకుంటూ కూచోకు అని రాయమన్నాడు. రాసేను. కళ్ళు బాగా మసకలు కమ్మీసాయి. శుక్లాలన్నారు డాక్టరు.

దసరాకి వస్తానని మొన్నెప్పుడో రాసేవు. అయ్య ఒద్దంటన్నాడు. క్వార్టరు ఇరుకు, అల్లుడికి మర్యాద జరగదు అంటన్నాడు. మనసులో ఏటీ పెట్టుకోకు. నేనున్నాను కదా.

నీ అప్ప
సింహాచలం


విజయనగరం
9 సెప్టెంబరు 1984

అప్పా,

ఊఁ అన్నాడా. సరే.

ఫోటో లేదంటే కాస్త బాధేసింది, దాచను. చెదలు తినీసినదానికి నువ్వేం చేస్తావు. కాని ఈ నెలంతా ఆ రోజులే కళ్ళకి కడుతున్నాయి. నీకు కాకపోతే ఇంకెవరికి రాస్తాను?

మొన్న మణిమాల బీజగణితం లెక్క ఒకటి పట్టుకొచ్చింది. చూడగానే జవాబు తోచింది. అయినా చెప్పలేదు. "నాకు రాదమ్మా, ట్యూషన్ మేష్టారినడుగు" అన్నాను. మర్నాడు మేష్టారు చెప్పిన జవాబు నేననుకున్నదే. పద్దెనిమిదేళ్ళుగా ఇదే వరస. నాకు వచ్చనుకున్నవే కదా అప్పా ఆ రోజు తప్పేయి. లెక్కల పేపరు రాసి బయటికొచ్చి, ఒక్కటి తప్ప అన్నీ సరిగ్గా చేసేనని నీతో చెప్పేను, గుర్తుందా? నాకు తెలుసు అనుకున్నది తెలీనట్టేనని ఆ ఫలితాలతో తేలిపోయింది. అప్పట్నుంచి కూరల బండి దగ్గర కూడా నా మాట మీద నాకు నమ్మకం లేదు. మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరితో "చిన్నకోడలు పదకొండు తప్పింది" అని చెప్పేది. మీ అత్తగారు కూడా ఆవిడే కదా, నీకు తెలియనిదేముంది.

తప్పినందుకు కాదు, అయ్య రాయించిన ఆ ఉత్తరానికే నా మనసు విరిగిపోయింది. "తప్పేవు. మార్కుల కాగితం చింపీసేను. ఇంక చదువు మాటెత్తకు." అంతేనా అప్పా తండ్రి చెప్పవలసింది? పాసయితే కాలేజీకి పంపిస్తాను, తప్పితే పెళ్ళి చేస్తాను అని మనిద్దరి ఎదుటా అన్నాడు, ఆ మాట ప్రకారమే చేసేడు, తప్పు పట్టను. కాని ఆ కాగితం చింపడమెందుకు? పెళ్ళిలో తలంబ్రాలయ్యేక దగ్గరికొచ్చి "సంతోషమేనా" అని అడిగేడు. నేను మొహం తిప్పుకున్నాను. అదే మేం ఆఖరున మాట్లాడుకున్నది అనుకోవచ్చు.

ఆ ఉత్తరం నీ చేత్తోనే రాసేవు. అయ్య మాటల కింద నీ మాటగా ఒకటి చేర్చేవు, "ఏడవకే, నేనున్నాను" అని. నేను ఇన్నాళ్ళూ నిలబడింది దాని మీదే.

గౌరి


భిలాయి
27 సెప్టెంబరు 1984

డియర్ పిన్నీ,

నమస్తే. నాకు తెలుగు రాయడం ఆధా ఆధా వచ్చు, గల్తీలు ఉంటే మాఫ్ చెయ్యి. ఈ లెటర్ నేను మమ్మీకి చూపించకుండా రాస్తున్నాను, ఎందుకంటే మమ్మీ ఈ ప్రాజెక్ట్ పేరెత్తితే చాలు గుస్సా అవుతోంది.

నువ్వు ఫోటో అడిగావని నాకు తెలీదు. మమ్మీ నాకు చెప్పలేదు. తాత చెప్పాడు, "మీ పిన్ని ఫోటో ఏదో అడిగిందటే, సూసేవా" అని. మమ్మీ నీ లెటర్ చదువుతుంటే ఆ ఒక్క మాట విన్నాడట. మా లైబ్రరీలో అన్ని మ్యాగజైన్లూ ఉన్నాయి పిన్నీ. దీమక్, అంటే చెదలు, కూడా పట్టలేదు. పైన ధూళి ఉంది, అంతే.

1966 సంచికలో నీ ఫోటో దొరికింది. రెండో లైన్లో, రెండు జడలతో, నవ్వుతున్నావు. నువ్వు నవ్వుతుంటే నేను ఎప్పుడూ చూడలేదు! నీ తెలుగు వ్యాసం కూడా ఉంది, "మా నాన్న ఎత్తిన దూలాలు" అని. ఆ పుస్తకం ఇంటికి తెచ్చి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ తాతకి చదివి వినిపించాను. తాత స్టీలు ప్లాంటులో కొలిమి కట్టినప్పుడు ఖలాసీ పని చేశాడని, తాడు పట్టుకుని ఇనప దూలాలు పైకెత్తేవాడని నాకు అందులోనే తెలిసింది. తాత మళ్ళీ చదవమన్నాడు. ఆఖరికి "ఇంత బాగా రాసింది పరీచ్చ ఎలగ తప్పిందే" అన్నాడు.

పిన్నీ, ఇప్పుడు అసలీ బాత్. పరీక్షా ఫలితాలు మరుసటి ఏడాది మ్యాగజైన్లో వేస్తారు. అందుకని 1967ది తీశాను. అందులో హిందీలో ఉంది: కుమారి గౌరీదేవి, సుపుత్రీ శ్రీ అప్పలకొండ, ప్రథమ శ్రేణి, విద్యాలయంలో ప్రథమ స్థానం. గణితంలో, రసాయనంలో విశేష యోగ్యత. అంటే డిస్టింక్షన్!

మమ్మీనడిగితే "అచ్చుతప్పు. అది ఇంకో గౌరీదేవి" అంది. నాన్న పేరు తాతదే కదా అంటే, నోరుమూసుకొని చదువుకో అంది. అందుకని ఇంకా వెతికాను. స్కూలుకి పదేళ్ళయినప్పుడు 1969లో, ప్రతి ఏడాది ఫస్టు వచ్చినవాళ్ళ పేర్లు ఒకేచోట వేశారు. 1966 పక్కన మళ్ళీ నీ పేరే, తాత పేరుతో. రెండుసార్లు అచ్చుతప్పు వస్తుందా? నువ్వు బడాయి చెప్పుకోవడం ఇష్టం లేక దాచావేమో అనుకుంటున్నాను. తాతకి ఈ సంగతి ఇంకా చెప్పలేదు, నువ్వు చెప్పమంటే చెప్తాను.

దుర్గ్ వెళ్ళి అన్నీ ఫోటోస్టాట్ చేయించాను. ఇందులో పెడుతున్నాను. నా వ్యాసంలో నీ గురించి ఆఖరి పేరా మాత్రం ఖాళీగా ఉంది. స్కూల్లో ఫస్టు వచ్చి కూడా కాలేజీకి ఎందుకు వెళ్ళలేదు పిన్నీ? జల్దీ రాయి.

నీ
ఛాయ


విజయనగరం
11 అక్టోబరు 1984

సింహాచలం అప్పకి,

ఛాయ పంపిన కాగితాలు అందేయి. పిల్లని ఏమీ అనకు. అది నాకు మంచి చేద్దామనే చేసింది.

ఆయనకి హిందీ రాదు, నేనే చదివి చెప్పేను. ఇంకోసారి చదవమన్నారు. చదివేను. ఆయన లేచి వెళ్ళి కుండలోంచి నీళ్ళు ముంచి తెచ్చి నాకిచ్చేరు. ఇన్నేళ్ళలో ఆయన నాకు నీళ్ళివ్వడం అదే మొదలు.

నాకు ఏడుపు రాలేదు. మణిమాల లెక్కల పుస్తకం తీసి, దాని ఎదురుగా కూచుని, ఒక అధ్యాయం మొత్తం చేసేను. అన్నీ వచ్చేయి. అది నోరు తెరుచుకుని చూసింది. అప్పుడొచ్చింది ఏడుపు.

ఫలితాల రోజు నేను బొబ్బిల్లో ఉన్నాను. అయ్య పొద్దుటి షిఫ్టులో ఉన్నాడు. స్కూలుకి వెళ్ళి మార్కుల కాగితం తెచ్చింది నువ్వు. అయ్యకి చదువు రాదు. మన ముగ్గురిలో ఆ కాగితం చూసినది నువ్వొక్కర్తివే.

ఒక్క సంగతి అడుగుతాను. ఇది నీ పనా, అయ్య చేయించిన పనా? అయ్య చేయిస్తే నీ మీద కోపం పెట్టుకోను. ఆడపిల్లవి, తల్లి లేని ఇంట్లో తండ్రి మాట కాదనలేవు. నిజం రాయి, అది చాలు. ఈ ఉత్తరం అయ్యకి చదవొద్దు.

గౌరి


భిలాయి
18 నవంబరు 1984

గౌరమ్మా,

నీ ఉత్తరం చూసిన కాడ్నుంచి నాకు అన్నం సయించడం నేదు. ఏటి రాయాలో తెలీక ఇన్నాళ్ళు ఊరుకున్నాను.

నువ్వే అన్నావు కదా, తండ్రి మాట కాదనలేమని. అంతేనే. అయ్యే చెప్పమన్నాడు. మీ అత్తోరూ మా అత్తోరూ ఒకటే కదా, ఇద్దరన్నదమ్ములకి ఇద్దరప్పచెల్లెళ్ళని అడిగేరు. ఒక్కర్తినే ఇస్తామంటే సంబంధమే ఒద్దన్నారు. అయ్య మాటిచ్చీసాడు. నువ్వు పాసయ్యేవని తెలిస్తే పెళ్ళికి ఒప్పుకోవని, తప్పిందని చెప్పీమన్నాడు. నేను ఒద్దొద్దన్నాను. నా మాట ఎవరు వింటారు? కాగితం కూడా ఆయనే చింపీసాడు.

ఇప్పుడు ఇదంతా ఆయన్ని అడక్కు. ముసలాడు, కళ్ళు కనపడవు, రాత్రిళ్ళు ఆయాసం. అడిగితే గుండె ఆగిపోతాది. ఆ పాపం నీకెందుకు? నా మీద ఒట్టు. ఇక్కడితో ఒగ్గీ. ఎవరి రాత వాళ్ళది. నీకు మాత్రం ఏటి తక్కువైంది, బంగారంలాంటి మొగుడు, రత్నంలాంటి పిల్ల.

అయ్య నిన్ను దీవించేడని రాయమన్నాడు.

నీ అప్ప
సింహాచలం


భిలాయి, మీ ఇంట్లోనే
20 జనవరి 1985

సింహాచలం అప్పకి,

నువ్వూ బావగారూ కుమ్హారిలో పెళ్ళి చూసుకుని రేపు తిరిగొచ్చేసరికి ఈ ఉత్తరం వంటింటి గూట్లో ఉంటుంది. నువ్వు లేని రోజు చూసి రావాలనే వచ్చేను. ఏ రోజో ఛాయనడిగి తెలుసుకున్నాను. ఒంటరిగా ఇంత దూరం రైలెక్కడం నాకిదే మొదటిసారి.

నీ నవంబరు ఉత్తరం మొదట నమ్మేను. నమ్మాలనుకున్నాను. రెండు నెలలు అయ్యని మనసారా తిట్టుకున్నాను. కాని ఒకటి పొసగలేదు. మన అయ్య మాట తప్పదలిస్తే తిన్నగానే తప్పగలడు. "కాలేజీ లేదు ఏమీ లేదు, పెళ్ళి చేసుకో" అంటే ఆ రోజుల్లో నేను ఎదురు చెప్పగలిగీదాన్నా? ఆయనకి అబద్ధంతో పనేముంది? పని ఉన్నది ఇంకెవరికో.

పొద్దున్న నేనొచ్చేసరికి అయ్య ఎండలో మంచం మీద కూచున్నాడు. గొంతు విని పోల్చుకున్నాడు. "గౌరేనా? నిజంగా గౌరేనా?" అని చెయ్యి చాపేడు. నేను పక్కన కూచున్నాను. టీ తాగేక అడిగేను, నా పరీక్ష పోయిందని నీకెవరు చెప్పేరని.

"మీ అప్పే. స్కూలు కాడ్నుంచి ఏడుసుకుంటూ వొచ్చింది."

"మార్కుల కాగితం ఎందుకు చింపీసేవు అయ్యా?"

"కాగితం నాను సూడనేదే. తప్పినోల్లకి ఇవ్వరని చెప్పింది."

ఆయనే మొదలెట్టేడు. నేను తప్పేనని తెలిసినప్పుడు, పెళ్ళి మాట పక్కనపెట్టి, మళ్ళీ రాస్తుందేమో కనుక్కోమని నీ చేత నాకు రెండుసార్లు ఉత్తరం రాయించేడట. నువ్వు రెండుసార్లూ నేను ఒద్దన్నానని, చదువంటే విసుగొచ్చిందన్నానని చెప్పేవట. అందుకే పెళ్ళి చేసేడట. పెళ్ళిలో "సంతోషమేనా" అని అడిగింది కూడా ఆ అనుమానంతోనేనట. నేను మొహం తిప్పుకుంటే, బలవంతంగా చేసినట్టయిందేమోనని ఇన్నేళ్ళూ కుమిలేడు.

ఆ రెండు ఉత్తరాలూ నాకు రాలేదని చెప్పేను. నాకొచ్చింది ఏమిటో కూడా చెప్పేను. తర్వాత ఆయన ఒక్కొక్కటే అడిగేడు. ప్రతి దసరాకీ రమ్మని రాయించేను కదా, ఎందుకు రాలేదు అని. ప్రతి దసరాకీ రావద్దని వచ్చేది అయ్యా అన్నాను. మణిమాల పుట్టినప్పుడు పేరు తనే పంపిద్దామని ఆలోచించి చెప్పేడట, మన అమ్మ పేరు పెట్టమని. నాకు వచ్చిందేమిటో నీకు జ్ఞాపకం ఉండాలి. "ఆడపిల్ల పుట్టిందని దిగులుపడకు, ఈసారి మొగపిల్లాడు పుడతాడు." ఆ ఉత్తరం పట్టుకుని నేను బాలింత మంచం మీద ఏడ్చేను.

ఒక అబద్ధం ఆడేవు, సరే. పెళ్ళయిపోయింది, నీక్కావలసింది నీకు దక్కింది. అక్కడితో ఆగొచ్చు కదా. ఆగలేదు. అయ్యా నేనూ ఒక్కసారి మనసు విప్పి మాట్లాడుకుంటే నీ మాట బయటపడిపోతుందని, పద్దెనిమిదేళ్ళు మా మధ్య కూచున్నావు. ఆయన మాట నాకు చేరనివ్వలేదు, నా మాట ఆయనకి చేరనివ్వలేదు. మేమిద్దరం ఒకరినొకరు రాయి అనుకుని బతికేం. ఇద్దరం నీ దగ్గరే ఓదార్పు వెతుక్కున్నాం. అక్టోబర్లో నిజం చెప్పడానికి నీకొక దారి ఇచ్చేను. నువ్వు ఆ దారిలో అయ్యని తోసీసి తప్పుకున్నావు. చదువు పోయినదానికన్నా అది ఎక్కువ నొప్పిగా ఉంది.

నేను పాసయ్యేనని, ఫస్టు వచ్చేనని చెప్పేను. ఛాయ ఆ కాగితం తెచ్చి చదివింది. "అప్పలకొండ" అన్నచోట మళ్ళీ చదవమన్నాడు. "నా పేరు కూడా ఏసేరా" అన్నాడు. తర్వాత లేచి చొక్కా అడిగేడు. నాతో వస్తానన్నాడు. నేను రమ్మనలేదు, ఒద్దనలేదు. ఆయన బట్టలు ఛాయ సర్దింది. మా ఆయన ముందే చెప్పేరు, మీ అయ్య వస్తానంటే తీసుకొచ్చీ అని. దుర్గ్ దాకా ఛాయ వస్తుంది, రైలెక్కించి తిరిగొస్తుంది. దాన్ని కొట్టకు.

గౌరి


భిలాయి
24 ఫిబ్రవరి 1985

గౌరికి,

నేను ఇంటికొచ్చేసరికి అయ్య మంచం ఖాళీ. దొంగలాగా వచ్చి తీసుకుపోయేవు. చుట్టుపక్కలోళ్ళకి ఏటి చెప్పుకోను? ఆ అన్నదమ్ములిద్దరూ ఎలగ మొహాలు చూసుకుంటారో అని కూడా ఆలోచించనేదు. మీ బావకి అంతా తెలిసిపోయింది. ఒక్క మాట అననేదు. అనుంటే బాగుండును. ఛాయ నాతో తెలుగు మాట్లాడ్డం మానీసింది. అన్నీ హిందీలోనే, పరాయి దానితో మాట్లాడినట్టు.

అంతా నన్నే అంటన్నారు. నా సంగతి ఎవరైనా అడిగేరా? అమ్మ పోయిన్నాటికి నాకు పదమూడేళ్ళు. ఐదో క్లాసుతో బడి మానిపించి పొయ్యి దగ్గర కూచోబెట్టేరు. నేను వండి పెడితే నువ్వు తిని బడికెళ్ళేవు. నేను ఉతికిన గౌనేసుకుని ఫోటో దిగేవు. అప్పుడెవరూ అయ్యో అననేదు. ఇరవయ్యొకటి వచ్చీసింది, నల్లదాన్ని, చదువు నేదు, వచ్చిన సంబంధాలన్నీ ఎనక్కి పోయేయి. ఇద్దర్నీ ఇస్తేనే చేసుకుంటామన్న ఈ ఒక్కటి ఖాయమవుతాదంటే, నీ పరీక్ష దాకా ఆగమన్నాడు అయ్య. ఆ కాగితం చేతికిచ్చి మీ హెడ్మిస్ట్రెస్ నవ్వుతూ నా భుజం తట్టింది. "మీ ఇంటి అదృష్టం" అంది. నా అదృష్టం ఆ రోజుతో ఆఖరు అనుకుంటూ నడిచొచ్చేను. ఇంటికొచ్చి ఆ కాగితాన్ని సిగిడీ నిప్పుల్లో పడీసేను. మాట నోట్లోంచి వచ్చీసింది. ఒకసారి వచ్చీసేక ఎనక్కి తీసుకోడానికి దారి కనిపించనేదు.

నువ్వు కాలేజీకెళ్ళి ఏటైపోదువో నాకు తెలీదు. నేను మాత్రం ఈ ఇంట్లో ముసలిదాన్నయిపోదును. అది నిజం కాదేటి?

అయ్య లేకపోతే ఇల్లు ఇల్లులాగ నేదు. పంపించీ. నేకపోతే ఆయన చేత ఒక్క ముక్క రాయించు, నా మీద కోపం లేదని. అంత చాలు నాకు.

సింహాచలం


విజయనగరం
10 మార్చి 1985

అప్పా, అయ్య చెప్తున్నాడు, నేను రాస్తున్నాను. రాసేక చదివి వినిపించేను. మణిమాల చేత కూడా ఇంకోసారి చదివించుకుని విన్నాడు.

సింహాలూ,

నీ ఉత్తరం గౌరి సదివింది. నువ్వు దాన్ని దొంగన్న కాడ కూడా ఆపకుండా సదివింది.

కోపం నేదని రాయించమన్నావు. కోపం ఉంది.

నువ్వు ఒండి పెట్టిన మాట నిజం. మీ అమ్మ పోయేక ఇల్లు నిలబెట్టింది నువ్వే. నిన్ను బడి మానిపించింది నాను. అది నా తప్పు, ఒప్పుకుంటాను. నీకు ఆ సంబందం అంత కావాలని నాకు తెలీదు. నువ్వొచ్చి నోరు తెరిసి అడిగుంటే ఆల్ల కాళ్ళు పట్టుకునీవోడిని. ఆల్లు కాదంటే ఇంకోటి కోసం ఊరూరా తిరిగీవోడిని. ఇద్దరు కూతుర్లని ఎలగ ఒడ్డెక్కించాలో నా బాద నాను పడీవోడిని. అడగనేదు నువ్వు.

నాను సదువురానోడిని. కొలిమి కట్టీటప్పుడు దూలం పైకెత్తితే, ఎత్తీవోడికి పైనేటుందో కనిపించదు. సెయ్యి ఊపీవోడు ఒకడుంటాడు. ఆడు ఒదులంటే ఒదలాలి, పట్టమంటే పట్టాలి. ఆడి సెయ్యి నమ్మకపోతే ఆ పనే నేదు. నాను ఎన్నో ఏళ్ళు నీ సెయ్యి సూసి తాడు ఒదిలేను. కింద గౌరి ఉందని నాకు తెలీదు.

గౌరి నన్ను తిన్నగానే సూస్తంది. సాయంకాలం మణిమాలకి లెక్కలు సెప్తాది. నాను పక్కన కూకుంటాను. ఒక్కటీ అర్దం అవదు గాని బాగుంటాది. మా అల్లుడు వచ్చే ఏడు కాలేజీ పరీచ్చకి కట్టమంటన్నాడు, ఇంటికాడే సదివి, పైవేటుగా. ఇది నవ్వుతంది. కడతాదో నేదో దాని ఇష్టం. ఈసారి ఎవరూ దాని తరపున సెప్పం.

ఛాయని ఏటీ అనకు. మా గురించి అది రాసిందానికి బడిలో పైజు వొచ్చిందట కదా. దానికి నా దీవెనలు.

నా కళ్ళ ఆపరేషను ఇక్కడే. ఆ తరవాత నీ కాడికి వస్తానో రానో ఇప్పుడు సెప్పను. నాకే తెలీదు.

ఇన్నేళ్ళు నా పేరున నువ్వు ఏటేటి రాసేవో, నాను ఏటేటి సెప్పేనో, నీకు గుర్తున్నమట్టుకు రాసి పంపు. రెండూ రాయి. గౌరి ఉన్నది ఉన్నట్టు సదువుతాది. అది తెలుసుకుని రాయి.

అప్పలకొండ
వేలిముద్ర